బాంబు తప్ప అన్నీ ఉన్నాయి

మూలపట్నం రెండో పట్టణ పోలీసు స్టేషనులో ఆ ఏడాది శ్రావణమాసం నుంచి ఎవర్నీ ఊరికే కొట్టడం మానేశారు. తగిన కారణం ఉంటేనే కొట్టాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. కారణం తగినదో కాదో తేల్చి చెప్పడానికి చదువుకున్న మనిషి ఒకరు కావలసి వచ్చారు. అలా, ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో ఇరవై ఎనిమిదేళ్లు తత్వశాస్త్రం చెప్పిన పొట్నూరు ఏకాంబరం గారు యాభై ఆరో ఏట పోలీసు స్టేషను మెట్లెక్కారు.

ఆయన్ను పంపడానికి కళాశాల వారు పెద్దగా బాధపడలేదు. తత్వశాస్త్రంలో మూడేళ్లుగా ఒక్క విద్యార్థీ చేరలేదు. మనిషి ఊరికే కూర్చుంటే బాగుండదని ప్రిన్సిపాలు గారు ఆయనకు సైకిల్ స్టాండు పర్యవేక్షణ అప్పగించారు. ఏకాంబరం గారు ఆ పనీ శ్రద్ధగానే చేశారు. పడిపోయిన సైకిళ్లను లేపి నిలబెట్టడంలో ఒక తృప్తి ఉందని ఆయన అనుకునేవారు.

ఈ ఉత్తర్వు పుట్టుక రాజధానిలో జరిగింది. పోలీసు పెద్దలకు మూడు రోజుల సదస్సు పెట్టి, ఎక్కడి నుంచో ఒక ఆచార్యుడిని పిలిచారు. ఆయన తెర మీద ఒక బొమ్మ వేసి ప్రశ్న అడిగాడు. "ఒక బడిలో ఎవరో బాంబు పెట్టారు. గంటలో పేలుతుంది. అది ఎక్కడుందో ఒక్కడికే తెలుసు. వాడు మీ చేతిలో ఉన్నాడు. ఏం చేస్తారు?" ఆలోచించుకోవడానికి వ్యవధి ఇద్దామని ఆచార్యుడు మంచినీళ్లు తాగబోయాడు. గ్లాసు పెదాలకు తగిలేలోపు హాలంతా చేతులు లేచాయి. తమ ఉద్యోగ జీవితంలో ఇంత సులువైన ప్రశ్న ఎవరూ అడగలేదని పెద్దలు పొంగిపోయారు. ప్రశ్నలో రెండో సగం భోజనాల తర్వాత చెబుతానని ఆచార్యుడు బతిమాలాడు గానీ, అప్పటికే ఉత్తర్వు టైపవుతోంది.

ఉత్తర్వు ప్రకారం 'కొట్టడం' అనే మాట రద్దయింది. దాని స్థానంలో 'సత్యప్రేరణ' వచ్చింది. లాఠీ 'ప్రేరణ సాధనం' అయింది. సత్యప్రేరణకు ముందు నైతిక ధ్రువీకరణ అధికారి నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. బాంబు ఉందా? ఎక్కడుందో ఈ మనిషికి తెలుసా? తెలుసుకోవడానికి వేరే దారి లేదా? సమయం తక్కువగా ఉందా? నాలుగింటికీ 'అవును' అని గులాబీ రంగు కాగితం మీద రాసి సంతకం పెడితే, ఆ తర్వాత జరిగేదంతా నైతికం.

ఎస్సై కర్రి భీమశంకరం ఆయన్ను ఎంతో మర్యాదగా ఆహ్వానించాడు. ఫ్యాను కింద కుర్చీ వేయించాడు.

"మీరు రావడం మా అదృష్టం మాస్టారూ. ఇన్నాళ్లూ చేతులు నొప్పి పుట్టేవే గానీ మనసుకి తృప్తి ఉండేది కాదండి. ఇదేమైనా పాపమా అని మా ఇంటావిడ అంటుండేది. ఇంక ఆ బెంగ లేదు. పాపమో పుణ్యమో మీరే చూసుకుంటారు."

మొదటి దరఖాస్తు మూడో రోజే వచ్చింది. మేక దొంగతనం. అనుమానితుడు బల్ల మీద ముడుచుకు కూర్చున్నాడు.

"ఇందులో బాంబు లేదు కదండీ," అన్నారు ఏకాంబరం గారు కాగితం తిరగేసి.

"లేదనుకోండి. కానీ మేక చూలుతో ఉంది మాస్టారూ. అంటే అమాయక ప్రాణాలు. ఎక్కడుందో వీడికే తెలుసు. రేపు ఆదివారం, మధ్యాహ్నానికి కూరైపోద్ది. ఇంకెంత టైముందని?"

"అయినా మేక వేరు, బాంబు వేరు కదా?"

"మనకి వేరేనండి. మేక దృష్టిలో చూడండి."

ఏకాంబరం గారు నిజంగానే ఆలోచనలో పడ్డారు. ఇంత సూటిగా వాదించిన విద్యార్థి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్లలో తగల్లేదు. అంతలో స్టేషను రైటరు, హెడ్ కానిస్టేబులు అప్పలనరసమ్మ, రిజిస్టరులోంచి తలెత్తకుండానే అంది: "వేరే దారి లేదా అన్నాది మూడో ప్రశ్న. ఉందండి మాస్టారూ. ఎల్లి ఆ ఈధిలో ఎతికితే సరి."

వెళ్లి వెతికారు. పక్కింటి పెరట్లో సొరపాదు తింటూ మేక దొరికింది. దానంతటదే వెళ్లింది.

భీమశంకరం రెండు రోజులు దిగులుగా తిరిగాడు. "మీరు అడ్డుపడకపోతే వాడు ఒప్పుకునేవాడు మాస్టారూ."

"చెయ్యనిది ఎలా ఒప్పుకుంటాడండీ?"

"అందరూ ఒప్పుకుంటారండి! ఒప్పుకోని వాడు నా సర్వీసులో లేడు. సత్యప్రేరణంటే మరేటి?"

నెల తిరిగేసరికి రెండో పట్టణ స్టేషను నుంచి గులాబీ కాగితం ఒక్కటీ పైకి వెళ్లలేదు. డీఎస్పీ విద్యాధర్ గారు స్వయంగా సమీక్షకు వచ్చారు. ఆయన మాట్లాడితే నోటిలోంచి సర్క్యులర్ వస్తున్నట్టుండేది.

"ధ్రువీకరణాధికారి గారూ, మీ పనితీరు నిరాశాజనకంగా ఉన్నదని తెలియజేయడానికి చింతిస్తున్నాను. ఒకటో పట్టణ స్టేషను వారు గత మాసంలో నలభై ఒక్క బాంబులను ధ్రువీకరించారు. మీది శూన్యం."

"నలభై ఒకటి దొరికాయా సార్?" అన్నారు ఏకాంబరం గారు హడలిపోయి.

"దొరికినవి లేవు. ధ్రువీకరించినవి. ఫలితంగా ఒక్కటి కూడా పేలలేదు. ఈ విధానం సఫలమైనదనుటకు ఇంతకంటే నిదర్శనం ఏమి కావాలి?"

"మా దగ్గరా ఒక్కటీ పేలలేదండీ."

"మీ దగ్గర పేలకపోవడం యాదృచ్ఛికం. అక్కడ పేలకపోవడం కృషి." డీఎస్పీ గారు టోపీ సర్దుకున్నారు. "ఈ మాసం కూడా శూన్యమే అయినచో మిమ్మల్ని మాతృశాఖకు తిప్పి పంపి, ఉత్సాహం గల అధికారిని నియమించవలసి వస్తుంది."

ఏకాంబరం గారికి సైకిల్ స్టాండంటే భయం లేదు. తన కుర్చీలోకి రాబోయే ఉత్సాహం గల అధికారి అంటేనే భయం వేసింది.

ఆ మంగళవారం మధ్యాహ్నం బస్టాండులో పల్లా సింహాద్రి అనే మనిషిని పట్టుకొచ్చారు. అరవై దాటిన వాడు. చేతిలో రేకు పెట్టె. పెట్టెలోంచి టిక్కుటిక్కుమని చప్పుడు వస్తోందని ఎవరో కండక్టరు కేకలు పెట్టాడట. తెరిచి చూస్తే లోపల ఏడు అలారం గడియారాలున్నాయి. ఆరు ఆగి ఉన్నాయి. ఒకటి నడుస్తోంది. దాని అలారం ముల్లు నాలుగు మీద ఉంది.

"గడియారాలండి బాబూ. నాను బాగుసేత్తాను. ఇప్పుడెవలికీ గడియారాలు అక్కర్నేదు కదా, అందరికీ ఫోన్లే. అందుకే ఊరూరా ఎల్లి అడిగి తెచ్చుకుంతాను."

"నడిచేది ఎవరిది?" అన్నాడు భీమశంకరం.

సింహాద్రి పెట్టె మూత దగ్గరికి వేయబోయాడు.

"ఎవరిదిరా?"

"అది మాత్రం సెప్పను బాబూ."

భీమశంకరం మొహం వికసించింది. పరుగున వెళ్లి డీఎస్పీ గారికి ఫోను చేశాడు. "సార్, దొరికింది! గడియారం ఉందండి, నడుస్తోందండి. టైము ఉందండి, నాలుగు గంటలకి. వాడు ఏదో దాస్తున్నాడండి. అన్నీ ఉన్నాయండి, బాంబు తప్ప!"

అరగంటలో డీఎస్పీ గారు వచ్చారు. పెట్టెను దూరం నుంచి పరిశీలించి తృప్తిగా తలాడించారు. "బాంబు కనిపించకపోవడం అది లేదనుటకు సాక్ష్యం కాదు. చక్కగా దాచబడినదనుటకు సాక్ష్యం."

ఈలోపు ఏకాంబరం గారు బల్ల మీద సింహాద్రి పక్కన కూర్చుని మెల్లగా అడిగారు. "ఎవరిదో చెప్పేస్తే పోతుంది కదయ్యా. నిన్ను కొడతారు."

సింహాద్రి ఆయన మొహంలోకి చూసి, గొంతు తగ్గించాడు. "నూకాలమ్మని, దిబ్బ ఈధిలో ముసిల్ది బాబూ. కళ్లు ఆనవు. పొద్దున్న నాలుక్కి, సాయంత్రం నాలుక్కి కంట్లో మందు ఏసుకోవాల. అలారం మోగితే తెలుత్తాది దానికి. పేరు సెప్పినాననుకోండి, ఈలు దాన్ని లాక్కొత్తారు. మెట్లు కూడా ఎక్కనేదు."

అది అబద్ధపు భయం కాదని ఏకాంబరం గారికి తెలుసు. పరీక్షించడానికి డీఎస్పీ గారిని అడిగి చూశారు: "గడియారం సొంతదారుని విచారిస్తే సరిపోతుంది కదండీ?" డీఎస్పీ గారు మెచ్చుకోలుగా చూశారు. "తప్పక. అప్పుడు కుట్రలో ఇద్దరు ఉన్నారని తేలుతుంది. ఇద్దరికీ వేరువేరు కాగితాలు." ఏకాంబరం గారు ఆ దారి అక్కడితో మూసేశారు. బల్ల పక్కనే రిజిస్టరు రాసుకుంటున్న అప్పలనరసమ్మ ఏమీ విననట్టే ఉంది. కానీ ఆ సాయంత్రం నుంచి ఆవిడ ఇంటికి దిబ్బవీధి మీదుగా వెళ్లడం మొదలుపెట్టింది. అది చుట్టుదారి.

సమయం రెండున్నర. గులాబీ కాగితం బల్ల మీద ఉంది. భీమశంకరం ప్రేరణ సాధనాన్ని గుడ్డతో తుడుస్తున్నాడు.

ఏకాంబరం గారు ఉత్తర్వును మొదటిసారి పూర్తిగా చదివారు. తొమ్మిదో నియమం దగ్గర ఆగారు. 'ధ్రువీకరణాధికారి తన నిర్ణయానికి గల హేతువులను మౌఖికంగా సమగ్రంగా వివరించవలెను. రైటరు ప్రతి మాటను నమోదు చేయవలెను.' ఆయన కళ్లజోడు తుడుచుకుని లేచి నిలబడ్డారు.

"రెండో ప్రశ్న నుంచి మొదలుపెడతాను. 'ఇతనికి తెలుసు' అని మనకు తెలుసు అంటున్నాం. అసలు తెలియడం అంటే ఏమిటి?"

తరగతిలో ఆయన గంట కొట్టేదాకా ముగించేవారు కాదు. ఇరవై ఎనిమిదేళ్లు విద్యార్థులు ఆయన మీద చెప్పుకున్న ఫిర్యాదు అదొక్కటే. తాడును చూసి పామనుకోవడం దగ్గర మొదలెట్టి, కల దాకా, కలలో కనే కల దాకా వెళ్లారు. అప్పలనరసమ్మ మధ్యమధ్య కలం ఆపి, "నిమ్మళంగా సెప్పండి మాస్టారూ, సెయ్యి లాగేత్తంది. పాము కాడ నుంచి మల్లీ ఓ పాలి," అనేది. ఆవిడ చేతిరాత జిల్లాలోకెల్లా వేగమైనదని అందరికీ తెలుసు. డీఎస్పీ గారు రెండుసార్లు గడియారం చూసుకున్నారు గానీ, నియమం నియమమే.

నాలుగయింది. అలారం గణగణ మోగింది.

డీఎస్పీ గారు బల్ల కింద ఉన్నారు. భీమశంకరం లాకప్పులోకి దూరి తలుపు వేసుకున్నాడు. కానిస్టేబుళ్లు గేటు దాటారు. సింహాద్రి ఒక్కడే కూర్చున్న చోటే కూర్చుని, తల ఒక పక్కకు వంచి విన్నాడు. "మూడు నెలలు మూగబోయి ఉన్నాది బాబూ. ఎలా పలుకుతందో సూడండి," అన్నాడు, పొంగిపోతూ.

ఇక వదిలేస్తారనుకున్నారు ఏకాంబరం గారు. డీఎస్పీ గారు లేచి మోకాళ్లు దులుపుకున్నారు. "ముప్పు తాత్కాలికంగా తొలగినది. అయితే ఈ గడియారం దినమునకు రెండు పర్యాయములు నాలుగు కొట్టునని గమనించవలెను. తెల్లవారుజాము నాలుగు కార్యాలయ వేళలలో లేనందున పరిగణించనక్కరలేదు. రేపు సాయంత్రం నాలుగును పరిగణించాలి."

స్వాధీనం చేసుకున్న వస్తువును స్వాధీనం చేసుకున్న స్థితిలోనే భద్రపరచాలన్నది ఇంకో నియమం. గడియారం నడుస్తూ దొరికింది కనుక నడుస్తూనే ఉండాలి. రోజూ ఉదయం దానికి కీ ఇచ్చి రిజిస్టరులో రాసే పని అప్పలనరసమ్మకు పడింది.

అలా బుధవారం, గురువారం కూడా ఏకాంబరం గారు నాలుగు దాకా మాట్లాడారు. గొంతు బొంగురుపోయింది. కానీ ఆయన ఎన్నడూ ఎరగని వింత ఒకటి జరిగింది. తరగతి నిండింది. కానిస్టేబుళ్లు కుర్చీలు తెచ్చుకుని కూర్చున్నారు. భీమశంకరం నోటుబుక్కు కొన్నాడు. గురువారం మూడున్నరకు అతను బడిపిల్లాడిలా చెయ్యెత్తాడు.

"మాస్టారూ, ఒక డౌటండి. వీడికి నిజంగా తెలీదనుకోండి. కొడతాం. చెప్పడు. తెలిసీ చెప్పట్లేదు అనుకుంటాం. ఇంకా కొడతాం. అప్పటికీ చెప్పడు. అంటే... తెలిసినోడు రెండు దెబ్బలకి చెప్పేసి పోతాడు. తెలియనోడికే ఎక్కువ దెబ్బలు పడతాయన్నమాట."

ఏకాంబరం గారు కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. "అవునండీ."

"నాది పందొమ్మిదేళ్ల సర్వీసండి," అన్నాడు భీమశంకరం.  నోటుబుక్కు మూసేశాడు. టీ వచ్చినప్పుడు తన గ్లాసు తీసుకెళ్లి సింహాద్రి చేతికిచ్చి, ఏమీ జరగనట్టు గోడ మీది నోటీసులు చదువుతూ నిలబడ్డాడు.

శుక్రవారం ఉదయం పదింటికి సవరణ వచ్చింది. 'హేతువుల వివరణ పది నిమిషములకు మించరాదు.' దాన్ని చదివి వినిపిస్తూ డీఎస్పీ గారు ఏకాంబరం గారి వైపే చూశారు. "ఈ దినము మూడు గంటల ఏబది నిమిషములకు మీరు సంతకం చేయుదురు. చేయనిచో ఒకటో పట్టణం నుంచి ధ్రువీకరణాధికారి వచ్చి చేయుదురు. వారు ఇప్పటికే బయలుదేరియున్నారు."

ఏకాంబరం గారి దగ్గర పది నిమిషాల్లో చెప్పగలిగిన తత్వశాస్త్రం ఏదీ లేదు. ఆయన సింహాద్రి వైపు చూశారు. సింహాద్రి తన చేతులు చూసుకుంటున్నాడు, వేళ్లు ఒక్కొక్కటే ముడిచి తెరుస్తూ. మొదట వేళ్ల మీదే కొడతారని లాకప్పులో ఎవరో చెప్పారట. వేళ్లు పోతే అతనికి ఇంకేం మిగలదు.

అప్పుడే రైటరు బల్ల దగ్గర దబ్బుమని చప్పుడైంది.

"అయ్యో! కీ ఇత్తంటే సెయ్యి జారిపోనాదండి," అంది అప్పలనరసమ్మ. గడియారం నేల మీద బోర్లా పడి ఉంది. చప్పుడు లేదు.

డీఎస్పీ గారు స్వయంగా తీసి ఊపారు. చెవి దగ్గర పెట్టుకున్నారు. కీ తిప్పారు. నడవలేదు. "ఇది సాక్ష్యం యొక్క స్థితిలో మార్పు! దీనిని వెంటనే పూర్వస్థితికి తేవలెను! పట్టణంలో గడియారములు బాగుచేయు వ్యక్తి ఎవరు?"

 భీమశంకరం గొంతు సవరించుకున్నాడు. "జిల్లా మొత్తానికి ఒక్కడే ఉన్నాడండి సార్. బల్ల మీద కూర్చున్నాడు."

ఉత్తర్వులో దీనికి అభ్యంతరం ఎక్కడా లేదు. అలా పల్లా సింహాద్రి ముందు పాత వార్తాపత్రిక పరిచి, తనను కొట్టడానికి కావలసిన గడియారాన్ని తానే బాగుచేయమని ఇచ్చారు. అప్పలనరసమ్మ జడలోంచి పిన్ను తీసి ఇచ్చింది. వేలిముద్రలు తీసే గదిలోంచి భూతద్దం తెచ్చారు.

సింహాద్రి వెనక మూత తీశాడు. మూడు రోజులుగా వాడిపోయి ఉన్న మొహం, ఆ పళ్లచక్రాలు చూడగానే తేరుకుంది. ఇంకెవరూ లేనట్టు దాంట్లోకి వంగాడు. ఏకాంబరం గారు అతని భుజం మీదుగా చూస్తున్నారు. లోపల ఒక చిన్న చక్రం రవ్వంత పక్కకు జరిగి ఉంది. సింహాద్రి చిటికెన వేలి గోరు పని కోసం పెంచుకున్నది. ఆ గోటితో చక్రాన్ని తాకాడు. గడియారం ఒక్కసారి టిక్కుమంది.

సింహాద్రి వేలు తీసేశాడు.

 గడియారాన్ని చూశాడు, తలుపు దగ్గర ఆనించి ఉన్న లాఠీని చూశాడు, మళ్లీ గడియారాన్ని చూశాడు. చేతిలోకి వచ్చిన గడియారాన్ని ఆగిపోయినది ఆగిపోయినట్టే అతను ఎన్నడూ తిప్పి ఇవ్వలేదని ఏకాంబరం గారికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"ఇది మరి బాగవదండి బాబూ," అన్నాడు సింహాద్రి. ఇంట్లో మనిషి పోయిన వార్త చెప్పినట్టు చెప్పాడు. "లోపల ఇరిగిపోనాది. ఈ సామాను ఇప్పుడు దొరకదు."

డీఎస్పీ గారు అనుమానంగా చూశారు. "ధ్రువీకరణాధికారి గారూ, మీరు దగ్గర నుంచి చూస్తున్నారు. ఇతను చెప్పునది సత్యమా? రాసి ఇవ్వండి."

ప్రాణం కాపాడటానికైనా అబద్ధం ఆడవచ్చా అన్న పాఠాన్ని ఏకాంబరం గారు ఏటా ఆగస్టులో చెప్పేవారు. ఆడకూడదనే వాదం వైపు ఆయన మొగ్గు ఉండేది. ఆయన కుర్చీలో కూర్చుని, గులాబీ కాగితం దగ్గరికి లాక్కుని, అందంగా, గుండ్రంగా రాశారు: 'సత్యం.' కింద సంతకం పెట్టారు. ఆ స్టేషనులో ఆయన పెట్టిన మొదటి సంతకం అదే.

"అయితే సార్," అన్నాడు భీమశంకరం, ఎదురుగా ఉన్న గోడకేసి చూస్తూ, "ఆగిపోయిన గడియారం పెట్టుకుని 'సమయం తక్కువగా ఉంది' అని ఎలా రాస్తామండి? ఆడిట్లో పట్టుకుంటారు."

ఆ మాటకు డీఎస్పీ గారు ఎవరి మాటకూ ఇవ్వనంత గౌరవం ఇచ్చారు. కాసేపు పచార్లు చేశారు. ఒకటో పట్టణం అధికారిని దారిలోంచే వెనక్కి పంపించి, సింహాద్రిని వదిలేయమన్నారు. ఆగి ఉన్న ఆరు గడియారాలూ తిప్పి ఇవ్వమన్నారు. ఏడోది కేసు ఆస్తి కింద బీరువాలోకి వెళ్లింది. అప్పలనరసమ్మ రసీదు రాసి ఇస్తూ, ఎవరూ వినకుండా, "దిబ్బ ఈధి సంగతి నాను సూసుకుంటన్నాను, నువ్వు ఇంటికెల్లు," అంది.

సింహాద్రి పెట్టె చంకలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లాడు. వెనక డీఎస్పీ గారు అప్పటికే కొత్త ప్రతిపాదన చెబుతున్నారు. "ఇకమీదట ముద్దాయిల గడియారముల మీద ఆధారపడుట శ్రేయస్కరం కాదు. ప్రతి స్టేషనుకూ ప్రభుత్వమే ఒక గడియారమును సరఫరా చేయవలెను. అది నిరంతరము నడుచుచుండవలెను. రాసుకున్నారా?" అని, ఏదో తట్టి గుమ్మం వైపు తిరిగారు. "ఏమయ్యా, నిన్నే. జిల్లాలోని అన్ని స్టేషన్ల గడియారముల మరమ్మతు నీకు అప్పగిస్తాము. స్థిరమైన పని. ఏమంటావు?"

సింహాద్రి ఆగాడు. పనిలేక ఊరూరా తిరుగుతున్న మనిషి. వెనక్కి తిరిగి, చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా చెప్పాడు.

"నాకు ఆ పని రాదు బాబూ. ఇందాక మీరే సూసినారు కదా."

డీఎస్పీ గారు ఏకాంబరం గారి వైపు తిరిగి, నిజమేనా అన్నట్టు కనుబొమలెత్తారు.

"నిజమేనండీ," అన్నారు ఏకాంబరం గారు. రెండోసారి కాబట్టి అంత కష్టమనిపించలేదు.